కంచెర్ల గోపన్న: చెఱసాలలోని భగవద్విశ్వాసము

ఆపదలయందు భగవంతుని నమ్ముట యనునది భక్తివాఙ్మయమున తఱచుగా వినవచ్చు మాట. ఆపద తొలగిన పిమ్మట ఆ మాట చెప్పుట సులభము. ఆపద నడుమ, అది తొలగునో తొలగదో తెలియని దశలో, ఏండ్ల తరబడి ఆ నమ్మికను నిలుపుకొనుట దుష్కరము. ఆంధ్రవాఙ్మయమున ఇట్టి దుష్కరస్థితి నుండి వెలువడిన రచనలకు ప్రధానోదాహరణములు భద్రాచల రామదాసని ప్రసిద్ధి కెక్కిన కంచెర్ల గోపన్న కీర్తనలు. ఆయన జీవితమును కథలు దట్టముగా అల్లుకొన్నవి. ఆ కథలను చరిత్రనుండి వేఱుచేసి, చరిత్ర కందని భాగమును కీర్తనలతో సరిచూచినచో, ఆయన విశ్వాసము యొక్క స్వరూపము స్పష్టముగనే గోచరించును. సామాన్యముగా శరణాగతి యనగా తలపునకు వచ్చునట్టి మౌనము అందు కానరాదు. ఆ విశ్వాసము ప్రశ్నించును, లెక్క చెప్పును, అలుగును, మరల క్షమాపణము వేడును. రాముని పిలుచుట మాత్రము మానదు.

గోపన్న నేలకొండపల్లి వాస్తవ్యుడు. ఈ గ్రామము నేడు తెలంగాణమునందలి ఖమ్మము జిల్లాలోనిది. తండ్రి లింగన్న మంత్రి, తల్లి కామాంబ. తాను కంచెర్ల వంశమున అత్రి గోత్రమున లింగమంత్రికి పుత్రుడనని కవి దాశరథీ శతకము చివర స్వయముగా చెప్పుకొనుటచే వంశవిషయమున సందేహమునకు తావులేదు. జననకాలము మాత్రము నిశ్చితము కాదు. క్రీ.శ. 1620 ప్రాంతమని సాధారణముగా చెప్పుదురు గాని అది ఊహపై నిలిచిన సంఖ్య. ఆయన నియోగి కుటుంబమునకు చెందినవాడు. వ్రాత, లెక్క, రాజసేవ ఆ కుటుంబములకు పరంపరగా వచ్చిన వృత్తులు. ఈ యంశము పైకి స్వల్పముగా కనబడినను గోపన్న కీర్తనల స్వభావమును గ్రహించుటకు మిక్కిలి అవసరమైనది. చెఱలో ఆయన రామునితో మాటలాడిన తీరున లెక్కలు వ్రాయువాని అలవాటు అడుగడుగున కానవచ్చును.

బాల్యముననే ఆయన రామభక్తుడయ్యెనని సంప్రదాయము చెప్పును. రఘునాథ భట్టాచార్యులు ఆయనకు వైష్ణవ దీక్ష నిచ్చెనని ఒక కథ. కబీరుదాసు రామతారక మంత్రము నుపదేశించెనని మఱియొక కథ. కాశీక్షేత్రమున వసించిన కబీరు 15వ శతాబ్దివాడు. గోపన్న 17వ శతాబ్దివాడు. కావున రెండవ కథలోని గురువు ఆ కబీరు కాజాలడు. ఆ మార్గమునకు చెందిన సాధు వెవడైన నేలకొండపల్లికి వచ్చియుండవచ్చునని కొందఱు సమన్వయించిరి. అది యెట్లున్నను ఈ కథ యొక్క ఆశయము గ్రహింపదగినది. హిందువులకును మహమ్మదీయులకును పూజ్యుడైన ఒక మహాత్ముని, గోలకొండ సుల్తానుల ప్రజయైన ఒక రామభక్తునికి గురువుగా నిలుపుట ఆ నాటి తెలుగునాటి జీవనమునకు తగిన భావనయే.

గోపన్న కాలమున తెలుగుదేశమున అధికభాగము కుతుబుషాహీల యేలుబడిలో నుండెను. 1626 నుండి 1672 వఱకు అబ్దుల్లా కుతుబుషా రాజ్యము చేసెను. అతని పిమ్మట అల్లుడైన అబుల్ హసన్ 1672లో సింహాసన మెక్కెను. తానీషాయని జనులు పిలుచుకొన్నది ఇతనినే. రాజ్యమునకు రాకపూర్వము ఇతడు షా రాజూ అను సూఫీ గురువునకు శిష్యుడై ఆయన ఆశ్రమమున పెక్కేండ్లు గడపినవాడు. కూచిపూడి గ్రామమును భాగవతుల కగ్రహారముగా నిచ్చెనని ఇతనినిగూర్చియే చెప్పుదురు. ఇతని పాలనలో 1674 ప్రాంతమున మాదన్న ప్రధానామాత్యు డయ్యెను. మాదన్నయు, ఆయన సోదరుడు అక్కన్నయు రాజ్యవ్యవహారములందు సర్వాధికారములు వహించిరి. సంప్రదాయము ననుసరించి వీరిరువురును గోపన్నకు మేనమామలు. వారి ప్రాపునను, తన సామర్థ్యమునను గోపన్నకు పాల్వంచ పరగణా తహశీల్దారు పదవి లభించెను.

ఆ పదవి గౌరవప్రదమైనదే గాని నిరపాయమైనది కాదు. గోలకొండ రాజ్యమున శిస్తు వసూలు పెక్కుచోట్ల ఇజారా పద్ధతిని సాగెడిది. ఇంత సొమ్ము ఖజానాకు చెల్లింతునని ఒప్పుకొన్న అధికారి పంట పండినను పండకున్నను ఆ మొత్తమును జమకట్టవలసినదే. కట్టలేని వానికి చెఱయు, దెబ్బలును తప్పెడివి కావు. 17వ శతాబ్దిలో బందరు ప్రాంతమున వర్తకము చేసిన యూరోపియనులు తమ వ్రాతలలో, బాకీపడిన స్థానికాధికారులను కొట్టించుట గోలకొండలో వాడుకయని చెప్పియున్నారు. దీనికి కారణము లేకపోలేదు. 1636లో మొగలు చక్రవర్తికి లోబడి కప్పము కట్ట నంగీకరించినది మొదలు గోలకొండ ఖజానాపై ఎడతెగని భారము పడెను. 1656లో ఔరంగజేబు దండెత్తి వచ్చినప్పుడు ఆ భారము మఱింత హెచ్చెను. ఇట్టి రాజ్యమున ఒక పరగణా సొమ్ము ఖజానాకు చేరకుండుట చిన్న నేరము కాదు. గోపన్న కథలో తానీషాను కేవలము క్రూరునిగా చిత్రించువారు ఈ విషయమును మఱతురు.

పాల్వంచ పరగణాలో గోదావరి యుత్తరపు టొడ్డున భద్రాచల మున్నది. మేరుపర్వతుని కుమారుడైన భద్రుడు రామునిగూర్చి తపస్సు చేయగా స్వామి వైకుంఠమునుండి వచ్చి ఆ కొండపై వెలసెనని స్థలపురాణము. మూలవిరాట్టు నాలుగు చేతులతో, శంఖచక్ర ధనుర్బాణములతో, సీతను ఎడమ తొడపై కూర్చుండబెట్టుకొని యుండుట ఈ పురాణమునకు తగినట్లున్నది. గోపన్న కంటె ముందే పోకల దమ్మక్క యను స్త్రీ ఆ విగ్రహములను కనుగొని, తాటియాకుల పందిరి వేసి, తనకు దొరికిన పండ్లతో నైవేద్యము పెట్టుచుండెనని స్థానిక కథ. రాజోద్యోగి యొక్క గోపురప్రాకారములకు ముందు ఒక పేదరాలి పందిరి యుండెనని ఈ కథ గుర్తుచేయుచున్నది. భద్రాచల చరిత్రకారు లెవ్వరును ఆమెను విడువలేదు.

తహశీల్దారుగా వచ్చిన గోపన్న ఆ స్వామి ఎండకు ఎండి వానకు తడియుట చూచి గుడి కట్టింప సంకల్పించెను. ముందు ప్రజలనుండి విరాళములు పోగుచేసెను. అవి చాలలేదు. శిస్తుగా వచ్చిన సొమ్మును వెచ్చింపసాగెను. ప్రభువు అనుమతి ముందుగా కోరెనా, పిమ్మట చెల్లింతునను తలంపుతో వాడెనా యను విషయమున కథకులు ఏకాభిప్రాయులు కారు. రాజధనము వ్యయమైనదనుట మాత్రము అందఱు నంగీకరించిన విషయము. ఆ మొత్తము ఆఱు లక్షలని ప్రతీతి. గర్భాలయము, మండపములు, ప్రాకారములు లేచినవి. దేవతలకు నగలు చేయింపబడినవి. ఆలయ శిఖరమున నిలుపవలసిన సుదర్శనచక్రము శిల్పులకు కుదరక, చివరకు గోదావరి గర్భమున గోపన్నకు దొరకెనని చెప్పుదురు.

ఇచ్చట ఒక ప్రశ్న తప్పదు. రాజ్యమునకు చేరవలసిన ధనమును దేవాలయమునకు వెచ్చించుట ధర్మమా? భక్తచరిత్రలు ఈ ప్రశ్నను దాటిపోవును. ఉద్యోగధర్మ దృష్టితో చూచినచో గోపన్న చేసినది తప్పే. సొమ్ము తనది కాదు; దానిని వెచ్చించు అధికారమును తనది కాదు. తన స్వార్థమునకు ఒక్క వరహా వాడుకొనలేదనుట ఆ తప్పును తేలిక చేయును గాని తుడిచివేయదు. గోపన్న విశ్వాసమును పరీక్షించిన ఆపద వెలుపలినుండి నిష్కారణముగా వచ్చిపడినది కాదు. దానిలో ఆయన చేతియు నున్నది. నిర్దోషియైన ప్రహ్లాదునికి వచ్చిన కష్టమునకును, దీనికిని ఈ భేద మున్నది. తన పనివలన తనకు కలిగిన కష్టములో భగవంతుని పిలుచుటకు ఎక్కువ సాహసము కావలెను. ఆ పిలుపులో సిగ్గు, భయము, అభిమానము అన్నియు కలసియుండును.

సొమ్ము ఖజానాకు చేరలేదని తెలిసి తానీషా విచారణ చేయించి గోపన్నను గోలకొండ కోటలో నిర్బంధించెను. కోటలో నేటికిని రామదాసు బందిఖానాయని చూపబడు గది యొకటి కలదు. గోడలు మందమైనవి, వెలుతురు మిక్కిలి తక్కువ, పైభాగమున గల చిన్న రంధ్రము గుండనే గాలియు వెలుగును లోనికి రావలెను. అది మొదట సామగ్రి దాచు కొట్టుగా నుండెనని చెప్పుదురు. లోపలి గోడపై నున్న సీతారామలక్ష్మణ హనుమంతుల రూపములు గోపన్నయే చెక్కుకొన్నవని జనుల నమ్మిక. లెక్కలు వ్రాయుటకు అలవడిన చేయి గోడరాతిపై దేవుని రూపమును గీచుకొనుచున్న దృశ్యము తెలుగువారి మనస్సున చిరకాలముగా నిలిచియున్నది.

చెఱవాసము పండ్రెండేండ్లని ప్రసిద్ధి. కాలగణన దృష్టితో ఇది చిక్కైన విషయము. తానీషా పాలనము 1672లో ఆరంభమై 1687లో ముగిసెను. గోపన్న 1680 ప్రాంతమున మరణించెనను వాడుక నంగీకరించినచో, తానీషా చెఱలో పండ్రెండేండ్లు గడచుట అసంభవము. ఆ మరణకాలమును విడిచినను, పదవీస్వీకారము, ఆలయనిర్మాణము, విచారణ, చెఱ, విడుదల యన్నియు ఆ పదునైదేండ్లలో ఇముడుట దుర్ఘటమే. ఉద్యోగమును ఆలయనిర్మాణమును అబ్దుల్లా కాలముననే ఆరంభమై యుండవలెను. లేనిచో పండ్రెండను సంఖ్య పాండవుల వనవాసమువలె దీర్ఘకాలమునకు సంకేతమై యుండవలెను. పూర్వజన్మమున ఒక చిలుకను పండ్రెండు దినములు పంజరమున నుంచిన పాపమునకు ఈ పండ్రెండేండ్ల చెఱ ఫలమని చెప్పు జానపదకథ ఈ సంఖ్య యొక్క సంకేత స్వభావమునే బలపఱుచును. నిర్దోషియైన ప్రాణిని బంధించినవాడు బంధితుడగుట న్యాయమని జనులు ఆ కథద్వారా తమ ప్రశ్నకు తామే సమాధానము చెప్పుకొనిరి.

కాల మెంతయైనను చెఱ నిజమే, దెబ్బలును నిజమే. వీనికి సాక్ష్యము కీర్తనలలోనే కలదు. గోపన్న మేనమామలు రాజ్యమున ఉన్నతస్థానమున నున్నవారు. 1677లో శివాజీ హైదరాబాదునకు వచ్చి కుతుబుషాతో సంధి చేసుకొన్నప్పుడు ఆ వ్యవహారమును నడపినవాడు మాదన్నయే. అట్టివారి మేనల్లుడు చెఱలో మ్రగ్గుచుండెను. అయినను ప్రచారమునందున్న ఆయన ముఖ్యకీర్తనలలో మనవి వినవలసినవారు ప్రభువుగాని మంత్రులుగాని కారు. రాముడును, సీతయు, అప్పుడప్పుడు లక్ష్మణ హనుమంతులును. మనుష్యులలో అడుగదగినవారు లేక రాముని అడిగినవాడు కాడు గోపన్న. అడుగదగినవారు ఉండియు ఆయన తన అర్జీని పెట్టుకొన్న కొలువు వేఱు.

ఆ యర్జీలలో మిక్కిలి ప్రసిద్ధమైనది నగల లెక్క చెప్పు కీర్తన. దానిలో గోపన్న తాను చేయించిన వస్తువులను ఒక్కొక్కటిగా పేర్కొనును. భరతునికి పచ్చల పతకము, శత్రుఘ్నునికి మొలత్రాడు, సీతకు చింతాకు పతకము, రామునికి కలికితురాయి, గుడికి చుట్టు ప్రాకారములు. వీనిలో పెక్కింటికి పట్టిన వరహాలు, మొహరీలు ఇన్ని వేలని చెప్పును. ఇది పద్దుల పుస్తకమును విప్పి చదివినట్లే యుండును. ఆ సొగసులన్నియు ఎవని సొమ్మని అనుభవించుచున్నావని రాముని నిలదీయును. తండ్రి దశరథు డిచ్చెనా, మామ జనకుడు పంపెనా యని యెత్తిపొడుచును. ఇంత నిష్ఠురమాడిన పిదప కీర్తన తిరుగును. దెబ్బల బాధకు తాళలేక అట్లు పలికితినని, తన మాటలకు నొచ్చుకొనవలదని అదే నోట వేడుకొనును.

ఈ కీర్తనను నిందాస్తుతియని అలంకారశాస్త్రము వర్గీకరించును. కాని చమత్కారముకొఱకు కల్పించిన నింద కాదిది. వ్యయమైన ధనమును అధికారులు ఎట్లడిగియుందురో గోపన్న రాము నట్లే అడుగుచున్నాడు. తనపై నున్న బాకీని తాను కాదనలేదు. మొత్తమును తగ్గించి చెప్పలేదు. వస్తువులను దాచలేదు. ఎవరికొఱకు వ్యయమైనదో వారి యెదుట పద్దును పెట్టెను. నమ్మినవాని యెదుట లెక్కను దాచవలసిన పని లేదు. నమ్మనివానితో ఇంత చనువుగా తగవులాడుటయు పొసగదు. కోపము విశ్వాసమునకు విరుద్ధమని తలచుట సామాన్యము. గోపన్న కోపము విశ్వాసమునుండియే పుట్టినది. వినువాడు లేడని తోచినచో అలుక యుండదు, మౌన ముండును.

మఱియొక కీర్తనలో రాముని నోట ఒక్క మాటయైన బంగారమంత అరుదైపోయెనని వాపోవును. ఎంత పిలిచినను పలుకకుండుటయే దానిలోని బాధ. ఇసుకలో పడియున్న ఉడుతను దయజూచిన దొరవు, రాతిని నాతిగా చేసిన దొరవు, నాపై ఏల దయచూపవను భావముతో పూర్వోపకారములను ఎత్తి చెప్పును. భగవంతుని మౌనమును ఇంత సూటిగా చెప్పిన పాట తెలుగున అరుదు. విడుదల కలుగలేదు, కల రాలేదు, ఆశ్వాసము దొరకలేదు. అయినను ఆ మౌనమును గూర్చి చెప్పుకొన్నది ఆ మౌనియైన రామునితోనే. దుఃఖమును వినుటకు వేఱొకరిని వెదకలేదు.

రాముడు పలుకకున్నచో గోపన్న సీత నాశ్రయించును. తన్ను రక్షింపుమని భర్తతో ఏకాంతవేళ ఒకమాట చెప్పుమని ఆమెను బతిమాలును. ఇది శ్రీవైష్ణవ సంప్రదాయమున లక్ష్మీదేవికి గల పురుషకారమను స్థానమునకు సంబంధించినది. అపరాధులైన జీవుల పక్షమున భగవంతునితో మాటలాడునది శ్రీదేవి యని ఆ సంప్రదాయము బోధించును. గోపన్న చేతిలో ఈ సిద్ధాంతము కుటుంబవ్యవహారమంత సన్నిహితమైనది. తండ్రి కోపముగా నున్నప్పుడు పిల్లలు తల్లిచేత చెప్పించుకొనునట్లు, తన మాట చెల్లనిచోట తల్లి మాట చెల్లునని ఆయన నమ్మెను. తన అపరాధమును తాను మఱువలేదనుటకు కూడ ఇది గుర్తు. నిర్దోషినని తలచువాడు న్యాయమే కోరును, మధ్యవర్తిని కోరడు.

చెఱలోని పాటలన్నియు రోదనములు కావు. భగవంతుడు చక్రధారియై ప్రక్కన నిలిచియుండగా కొఱత యేమున్నదని ధైర్యము చెప్పు కీర్తనయు గలదు. మత్స్యాదులైన అవతారములలో ఆపన్నులను కాచిన స్వామి యిప్పుడును ఉన్నాడని అందు క్రమముగా వర్ణింపబడెను. జగమంతయు రామమయమని చాటు కీర్తన మఱియొకటి. ఈ పాటలు ఏ క్రమమున పుట్టినవో నిర్ణయించుట సాధ్యము కాదు. ధైర్యము ముందు వచ్చి దుఃఖము వెనుక వచ్చెనని గాని, దుఃఖమును దాటి ధైర్యమునకు చేరెనని గాని చెప్పుటకు ఆధారము లేదు. రెండును కలసి యుండెననుటయే సమంజసము. చెఱలోని మనుష్యునికి ఉదయమున ధైర్యము, రాత్రి నిరాశ కలుగుట వింత కాదు.

దాశరథీ శతకమున స్వరము వేఱు. ఇది వృత్తపద్యములలో నడచిన ప్రౌఢరచన. దశరథపుత్రుని దయాసముద్రునిగా సంబోధించు మకుటము ప్రతి పద్యమును ముగించును. భద్రశైలమును వైకుంఠముగను, గోదావరిని విరజానదిగను భావించిన పద్యము దీనిలోనిది. కీర్తనలలో చనువు, శతకమున వినయము ప్రధానములు. కీర్తనల భాష తెలుగు ఇండ్లలో పలుకు భాష, శతకభాష పండితామోదమైనది. ఒకే కవి రెండు రీతులను చేపట్టుట ఆ కాలమున వింత కాదు. కాని పదిమందికి ఊఱట కలిగించినవి ఇంటిమాటతో కూడిన పాటలే.

విడుదలనుగూర్చిన కథ ప్రతి తెలుగువానికి తెలిసినదే. ఒక రాత్రి రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీలను పేర్లతో, గోపన్న సేవకులమని చెప్పుకొని తానీషా శయనాగారమునకు వచ్చిరి. ఆఱు లక్షలను లెక్కించి యిచ్చి, ముట్టినట్లు రశీదు వ్రాయించుకొని, దానిని చెఱలో నిద్రించుచున్న గోపన్న తలక్రింద నుంచి మాయమైరి. తెల్లవాఱిన పిదప తానీషా జరిగినది గ్రహించి గోపన్నను విడిపించి గౌరవించెను. దర్శనము ప్రభువునకు దొరకెను గాని తనకు దొరకలేదని గోపన్న విలపించెననియు చెప్పుదురు. ఆ నాణెములు రామమాడలు. వానిలో రెండు ఆలయమున భద్రపఱుపబడినవని స్థానికుల విశ్వాసము.

ఈ కథను చరిత్రగా స్వీకరింప నవసరము లేదు. చరిత్ర కాదని త్రోసివేయుటయు తెలివి కాదు. ఏ కారణమున నైనను గోపన్న విడుదల పొందెను. బాకీ యెవరిచేతనో తీర్పబడియుండవచ్చును, ప్రభువు క్షమించియుండవచ్చును. జనులు కల్పించుకొన్న కథలో గమనింపదగిన అంశ మొకటి గలదు. దేవుడు చెఱసాల గోడలను కూల్చలేదు. ప్రభువును శిక్షింపలేదు. బాకీ లేదని వాదింపలేదు. సొమ్మంతయు ఒక్క మాడయు తక్కువ గాకుండ చెల్లించి, మామూలు వ్యవహారమునందువలె రశీదు పుచ్చుకొనెను. అనగా రాజ్యమునకు రావలసినది రాజ్యమునకు చేరవలసినదే యని భక్తులును ఒప్పుకొనిరి. దైవవిశ్వాసము ఋణమును మాఫీ చేయించునని ఆ కథ చెప్పదు. ఋణము తీఱువఱకు తోడు నిలుచునని చెప్పును. గోపన్న కీర్తనలోని పద్దును చదివినవారికి, ఈ రశీదు ఆ పద్దునకు ముగింపుగా తోచును.

తానీషాకు ఈ కథ ఇచ్చిన స్థానమును గమనింపదగినది. బంధించినవాడైనను రామదర్శనభాగ్యము నతనికే యిచ్చినది. భద్రాచలమున శ్రీరామనవమినాడు జరుగు సీతారామకల్యాణమునకు ప్రభుత్వము పక్షమున ముత్యాల తలంబ్రాలు సమర్పించు ఆచారము తానీషా కాలమునుండి వచ్చినదని ప్రతీతి. ప్రభుత్వములు మాఱినను ఆ మర్యాద నిలిచినది. భద్రాచలము బ్రిటిషు వారి పాలనకు వెళ్లి, పిదప తూర్పుగోదావరి జిల్లాలో నుండి, 1959లో ఖమ్మము జిల్లాలో చేరి, 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో భాగమైనది. 2014లో ఏర్పడిన తెలంగాణ ప్రభుత్వమును ఆ సంప్రదాయమును పాటించుచున్నది.

గోలకొండ కథ శీఘ్రముగనే ముగిసెను. 1686 మార్చిలో అక్కన్న మాదన్నలు గోలకొండలో హత్య గావింపబడిరి. మఱుసటి సంవత్సరము ఔరంగజేబు సైన్యము సుమారెనిమిది నెలలు కోటను ముట్టడించెను. 1687 సెప్టెంబరులో కోట పడెను. తానీషా బందీయై దౌలతాబాదు కోటకు పంపబడి, మరణపర్యంతము అచ్చటనే నిర్బంధమున నుండెను. చెఱలో నుంచినవాడును చెఱపాలయ్యెను. రాజ్యము పోయినది, మంత్రులు పోయిరి, ఖజానా పరుల పాలైనది. ఆ ఖజానాకు బాకీపడిన యుద్యోగి పాటలు మాత్రము మిగిలినవి.

మిగులుటయే గాక అవి తెలుగు సరిహద్దులను దాటినవి. కావేరీతీరమున తిరువైయారులో నివసించిన త్యాగరాజస్వామి (1767–1847) రామదాసును గురుతుల్యునిగా భావించెను. తన ప్రహ్లాదభక్తివిజయ నాటకారంభమున ఆయనను స్మరించెను. ఒక కీర్తనలో రామదాసు బంధమును తీర్చిన కథను విన్నానని రామునికి గుర్తుచేసెను. మఱియొక కీర్తనలో నారద ప్రహ్లాద పరాశరుల సరసన ఆయనను నిలిపెను. పేదఱికమును, బంధువుల నిరాదరణను అనుభవించిన త్యాగరాజునకు, తనకు ముందు ఒకడు చెఱనుండి రాముని పిలిచి నిలిచెనను విషయము ఆధారమైనది. ఒకని విశ్వాసము మఱియొకని విశ్వాసమునకు సాక్ష్యమగుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము వాగ్గేయకార చరిత్రలో దుర్లభము.

గుంటూరు ప్రాంతీయుడైన తూము నరసింహదాసు 19వ శతాబ్ది పూర్వార్ధమున భద్రాచలము చేరి, క్షీణించియున్న పూజోత్సవములను పునరుద్ధరించి, రామదాసు మార్గముననే కీర్తనలు రచించెను. తమిళదేశపు భజనగోష్ఠులలో రామదాసు కీర్తనలు అర్థము పూర్తిగా తెలియనివారి నోళ్లలోను నిలిచినవి. మూల స్వరరచన యెట్టిదో తెలుపు లిఖితాధారములు లేకున్నను, పాడువారి పరంపర వానిని కాపాడెను. 20వ శతాబ్దిలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గానముచే అవి కచేరీలలో క్రొత్త ప్రచారమును పొందెను. హరికథకులకు రామదాసు చరిత్ర ఇష్టమైన వస్తువు. 1964లో చిత్తూరు నాగయ్య దానిని చలనచిత్రముగా తీసెను.

కష్టములో నున్నవారు ఈ పాటలను నేటికిని పాడుకొనుటకు కారణము విడుదల కథ మాత్రమే కాదు. రామోజీ లక్ష్మోజీలు తమ యింటికి వచ్చి బాకీ తీర్తురని పాడువా రెవ్వరును తలంపరు. వారికి ఆ పాటలు ఒక చనువు నిచ్చుచున్నవి. భగవంతుని నమ్మినవాడు ఏడ్వరాదనియు, అడుగరాదనియు, విసుగరాదనియు నియమము లేదని గోపన్న చూపెను. తన తప్పును దాచక, తన లెక్కను తగ్గింపక, తన బాధను తక్కువచేసి చెప్పక, అన్నిటిని ఒక్కచోటనే విన్నవించుకొనెను. జవాబు రాని దినములలోను ఆ విన్నపము ఆగలేదు. గోలకొండ కోటలోని చీకటి గదిని చూడబోవువారు ఆ చిన్న రంధ్రము క్రింద నిలిచి తలయెత్తి చూతురు. గోపన్నకు ఆకాశము అంతమాత్రమే కనబడెను. ఆయన పాటలకు అది చాలెను.